దిష్టిపూస

ఆ వీధిలో స్క్రూలక్క అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని, నువ్వుగింజంత స్క్రూలు బిగించడం ఆవిడ ఉద్యోగం. ఫ్రేము వంకరపోయినా, కాడ ఊడినా, ముక్కు మీద నొక్కుకుపోతున్నా ఆవిడ చేతిలో పడితే చాలు, జోడు కొత్తదై బయటికొచ్చేది. చెయ్యి అంత మంచిది. నోరే అంత మంచిది కాదు. అంటే తిడుతుందని కాదు, అసలు పెగలదు. “అయిపోయింది, తీసుకోండి” అన్నదే దుకాణంవాళ్ళు ఆవిడ నోట విన్న అతి పెద్ద మాట.

ఆ చేతులకు ఇంటికొచ్చాక కూడా ఊరుకోవడం తెలియదు. గాజుపూసలు, రాగితీగ, రెండు సన్నమూతి పట్కార్లు ముందేసుకుని నగలు చేసేది. ఒక్కో పూసలోంచి తీగ దూర్చి, అటూ ఇటూ చిన్న కొక్కెం మెలిపెట్టి, దాన్ని పక్కపూస కొక్కేనికి తగిలించి, అలా పూసకు పూసను లంకె వేసుకుంటూ పోతే దండయ్యేది. అందులో ఒక పూస పెద్దదీ ఒకటి చిన్నదీ ఉండటానికి వీల్లేదు. రంగు పిసరంత తేడా వచ్చినా ఆ పూస రేకు డబ్బాలోకి పోవలసిందే. ఈ ఏరుడు మాత్రం సాయంత్రాలు పెట్టుకునేది కాదు. సెలవురోజున, పగటి వెలుగులో, వంటింటి కిటికీ దగ్గరే. ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య అక్కడ ఒక్క కుర్చీయే పడుతుంది. ఆ కుర్చీ ఆవిడది. మొగుడు పొరపాటున అందులో కూర్చున్నా, ఆవిడ ఒక్క చూపు చూస్తే లేచి అవతలికి పోయేవాడు.

ఇంత శ్రమపడి చేసిన దండలు ఎక్కడికి పోయేవంటే, బంధువుల ఇళ్ళకు. పుట్టినరోజుకు ఒకటి, పెళ్ళిరోజుకు ఒకటి. తీసుకున్నవాళ్ళు “అబ్బ, ఎంత బాగుందో!” అనేవాళ్ళు, అని సొరుగులో పెట్టేవాళ్ళు. ఒకసారి భోజనాల దగ్గర మరిది నవ్వుతూ అన్నాడు: “ఊరికే ఇస్తే ఎవరైనా తీసుకుంటారు వదినా. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒక్కరు కొనుక్కుని మెళ్ళో వేసుకోనీ, అప్పుడు ఒప్పుకుంటా నిన్ను.” అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ మాట మాత్రం లోపల ముల్లులా దిగి ఉండిపోయింది. ఆ రోజు నుంచీ ఆవిడకు ఒకటే కోరిక. తనను ఎరగని మనిషి ఒక్కరు, తను చేసిన దండ కొని, అక్కడికక్కడే మెళ్ళో వేసుకుని వెళ్ళాలి. అందుకే బడి ఆటలహాల్లో చేతిపనుల సంత పెడుతున్నారని తెలియగానే, ఎవరినీ అడక్కుండా వెళ్ళి ఒక బల్ల రాయించుకుని వచ్చింది.

ఇక రేడియో సంగతి. రేడియో అంటే ఆవిడ తోడికోడలు, ఆ మరిది పెళ్ళామే, అదే ఇంట్లో మేడమీద కాపురం. లాండ్రీలో బట్టలు తీసుకునే ఉద్యోగం. చొక్కా మీది మరక చూసి, అది ఎప్పుడు పడిందో, పడ్డప్పుడు పక్కన ఎవరున్నారో, వాళ్ళకీ వీళ్ళకీ ఇప్పుడు మాటలున్నాయో లేవో అన్నీ రాబట్టందే రసీదు చింపదు. మొన్నమొన్నటిదాకా పూసంటే ఏమిటో తెలియని మనిషి, ఒకరోజు మెట్లు దిగొచ్చి, “అక్కా, నాకూ నేర్పవూ? నోరొక్కటే పనిచేస్తోంది, చేతులు ఖాళీగా ఉంటున్నాయి” అంది.

కాదంటే బాగుండదు. నేర్పింది. తీగ ఎంత కొయ్యాలో, కొక్కెం ఎటు తిప్పాలో, మచ్చ పడకుండా పట్కారు మూతికి గుడ్డ ఎలా చుట్టాలో అన్నీ చెప్పింది. ఒక్కటి చెప్పలేదు. ముదురు నీలం పూసా ముదురు ఆకుపచ్చ పూసా పసుపు దీపం కింద ఒకేలా కనిపిస్తాయి, వాటిని పగలే ఏరుకోవాలి అన్న సంగతి. మొదట మరిచిపోయింది, అది నిజమే. తర్వాత గుర్తొచ్చింది. కానీ అప్పటికి ఇంటికొచ్చినవాళ్ళంతా “అమ్మో, అప్పుడే చెయ్యి తిరిగిపోయిందే!” అని రేడియోను మెచ్చుకోవడం మొదలైంది. ఆ మాట తనను అనడానికి వీళ్ళకు ఎన్నేళ్ళు పట్టింది! అసలు అన్నారా? నాలిక చివరిదాకా వచ్చిన మాటను స్క్రూలక్క వెనక్కి మింగేసింది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. “పూసలు అయిపోయాయక్కా” అని రేడియో చెయ్యి చాపితే, తను తోసేసిన పూసలన్నీ కలగాపులగంగా ఉన్న రేకు డబ్బా తీసి ఇచ్చింది. “ఇందులో నీలాలు బోలెడున్నాయి, ఏరుకో” అంది. రేడియో లాండ్రీ నుంచి వచ్చేసరికి పొద్దుగూకుతుందనీ, మేడమీద వెలిగేది పసుపు బల్బేననీ ఆవిడకు తెలియదా? తెలుసు. ఓర్వలేనితనం ఎప్పుడూ అరుచుకుంటూ రాదు, ఒక్కోసారి సాయం చేస్తున్నట్టే చెయ్యి చాపుతుంది.

“బల్ల అంత పెద్దది కదా, ఆ అమ్మాయిని కూడా తీసుకెళ్ళు” అన్నాడు మొగుడు. “నీ మొహం చూస్తే కొనడానికొచ్చినవాడు నీకేమైనా బాకీ ఉన్నానేమోనని జడుసుకుని పారిపోతాడు. ఆ అమ్మాయికి నోరుంది, ఊరంతా వస్తుంది.”

“రానీండి” అంది స్క్రూలక్క. రానీ. హాలు నిండా తెల్లదీపాలు ఉంటాయి. నలుగురిలో ఆ పచ్చపూసలు బయటపడతాయి. అప్పుడు ఎవరి చెయ్యి ఎలాంటిదో లోకమే చెబుతుంది.

సంత రోజు పొద్దున్నే వెళ్ళేసరికి హాలు తలుపులు తియ్యలేదు. తమ బల్ల ఎక్కడో కనుక్కోవడానికి స్క్రూలక్క వెనకవైపు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి రేడియో మెట్ల మీద ఎండలో కూర్చుని, ఒళ్ళో రేకు డబ్బా పెట్టుకుని, తల వంచుకుని ఏదో కెలుకుతోంది. అలికిడి విని డబ్బా మూత పెట్టేసింది. లోపలికి వెళ్ళి బల్ల సర్దుకునేంతసేపూ నోరు విప్పలేదు. నిద్ర చాల్లేదేమో అనుకుంది స్క్రూలక్క.

బల్ల మీద నల్లగుడ్డ పరిచి, తన దండలన్నీ అంగుళం తేడా లేకుండా వరసగా పెట్టింది. మధ్యలో నీలాల దండ. దాని పూసల కోసం ఎన్ని సెలవులు కిటికీ దగ్గర గడిపిందో ఆవిడకే తెలుసు. అన్నీ ఒకే రంగు, ఒకే మెరుపు. ఎవరైనా మెళ్ళో వేసుకుంటే అదే వేసుకోవాలి. రేడియోకు ఒక మూల చోటు చూపించింది. రేడియో అక్కడొక స్టీలు పళ్ళెం పెట్టి తన దండలు అందులో కుప్పగా పోసింది. ఆ కుప్ప చూడగానే స్క్రూలక్క కంటికి పచ్చపూసలు టకటకా కనపడ్డాయి. దీంట్లో ఒకటి, దాంట్లో ఒకటి, ఇంకోదాంట్లో ఏకంగా రెండు. ఆ చూసిన సంతోషం మొహంలో కనపడకుండా సంచి వెతుకుతున్నట్టు వంగింది.

జనం రాసాగారు. స్క్రూలక్క వరస ముందు ఆగారు, చూశారు, ముట్టుకున్నారు, “బాగున్నాయండీ” అన్నారు, ముందుకు నడిచారు. ఒకాయన నీలాల దండను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, “ఇవి ఫ్యాక్టరీ సరుకాండీ? అన్నీ ఒక్కలాగే ఉన్నాయి” అన్నాడు. ఫ్యాక్టరీ! స్క్రూలక్క నోరు తెరిచింది. ఆయన జవాబు కోసం కాసేపు మర్యాదగా నిలబడి, దండ పెట్టేసి వెళ్ళిపోయాడు. చేతిపని బాగా కుదిరితే చేతిపని కాకుండా పోతుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు మరి.

అప్పుడొచ్చింది ఆవిడ ఎదురుచూస్తున్న ఘడియ. ఒక పెద్దావిడ పళ్ళెంలోంచి ఒక దండ తీసి, దీపం కేసి చూసి, “ఇదేంటమ్మాయ్, అన్నీ నీలాలైతే ఇక్కడొకటి ఆకుపచ్చ పడింది?” అని గట్టిగానే అడిగింది. చుట్టుపక్కలవాళ్ళు తలలు తిప్పారు.

రేడియో ఒక్క రెప్పపాటు స్క్రూలక్క కేసి చూసింది. ఆ తర్వాత నవ్వేసింది.

“పడలేదు పెద్దమ్మా, వేశాను. అది దిష్టిపూస. అన్నీ ఒకేలా ముద్దుగా ఉంటే చూసినవాళ్ళ కన్ను పడదూ? ఒక్కటి తేడాగా ఉంటే ఆ కన్ను వెళ్ళి దాని మీద పడుతుంది, మిగతా దండా దాన్ని వేసుకున్న మనిషీ చల్లగా ఉంటారు.”

“అబ్బో! మాటకారివేనమ్మా” అంది పెద్దావిడ. ఆ దండ కొనేసింది. అంతే కాదు, ఎదురు బల్ల దగ్గరున్న చెల్లెల్ని కేకేసి పిలిచింది. “ఇలా రావే, ఈ అమ్మాయి దిష్టిపూసలు అమ్ముతోంది!”

ఇక చూసుకోండి. దిష్టిపూస, దిష్టిపూస అని ఆ మూల నుంచి ఈ మూలకు మాట పాకిపోయింది. “నాది ఎక్కడుందో చూపించు” అని ఒకరు, “నాకు రెండున్నది కావాలి, మా ఆఫీసులో కళ్ళు ఎక్కువ” అని ఇంకొకరు. రేడియో ఆగుతుందా! “మీకు ఒకటి చాలదండీ, మిమ్మల్ని చూస్తుంటే నా కన్నే పడేట్టుంది!” అని ఒకావిడ మొహం విప్పారేలా చేసింది. “అక్కా, కాస్త ఇది కాగితంలో చుట్టవూ? అక్కా, ఆవిడకు సంచి ఇవ్వవూ?” అని మధ్యమధ్యలో ఇటు పురమాయింపులు. తను రాయించుకున్న బల్ల దగ్గర తనే కూలికి కుదిరినట్టు, స్క్రూలక్క తోడికోడలి తప్పులను ఒక్కొక్కటే కాగితాల్లో చుట్టి ఇస్తూ కూర్చుంది. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఏమిటో ఆ వేళ కళ్ళారా చూసింది.

కుళ్ళు. ఇంకో మాట లేదు దానికి. ఆ నవ్వు మీద కుళ్ళు, ఆ నోటి మీద కుళ్ళు, జనం ఆ మనిషి వైపు అలా వంగే తీరు మీద కుళ్ళు. అవి నేను పారేసిన పూసలు! ఆ తప్పు నేను చూసి చూసి వదిలేసిన తప్పు! అని బల్లెక్కి అరవాలనిపించింది. అరిస్తే ఏమవుతుంది? పారేసిన పూసలు ఎందుకిచ్చావమ్మా అని ఎవరైనా అడిగితే? మింగలేక కక్కలేక, చుట్టిన కాగితాన్నే మళ్ళీ విప్పి చుట్టింది.

“దిష్టి తగిలితే తగిలింది గానీ, ఎవరిది తగులుతుందంటావ్?” అని ఒకావిడ సరదాగా అడిగింది.

“బయటివాళ్ళకు మన మీద అంత తీరిక ఎక్కడుందండీ? తగిలితే ఇంట్లోవాళ్ళదే తగలాలి” అంది రేడియో. అందరూ గొల్లుమన్నారు. గుమ్మడికాయల దొంగ అనగానే ఎవరో భుజాలు తడుముకున్నారట. స్క్రూలక్క చేతిలోని కత్తెర కింద పడింది.

మధ్యాహ్నం దాటేసరికి పళ్ళెం ఖాళీ. నల్లగుడ్డ మీద వరస మాత్రం ఎలా పెట్టిందో అలాగే ఉంది. మరిది మొహం కళ్ళముందు ఆడింది. సాయంత్రం తినేటప్పుడు ఏమంటాడో, ఎలా నవ్వుతాడో కూడా వినపడింది. ఆవిడ ఒక్కొక్కటే తీసి పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చింది బస్సు నడిపే ఆవిడ. ఒంటి మీద యూనిఫారం, చంకలో టోపీ, హడావిడిగా. “ఇక్కడేనా దిష్టిపూసలు? అయ్యో, అయిపోయాయా!” అని ఖాళీ పళ్ళెం చూసి, చూపు పక్కకు తిప్పింది. స్క్రూలక్క చేతిలో అప్పుడే పెట్టెలోకి పోబోతున్న నీలాల దండ.

“అది చూపించండి ఒకసారి.”

చూపించింది. ఆవిడ దాన్ని అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసింది. ఎవరూ అంతసేపు చూడలేదు.

“ఎంత బాగుందండీ! మరీ బాగుంది. ఇంత బాగున్నది వేసుకుంటే రోజంతా నా గురించి నాకే భయం, ఎక్కడ దిష్టి తగులుతుందోనని. దీంట్లో ఒక్క దిష్టిపూస వేసి ఇవ్వలేరూ? ఇప్పుడే వేసుకెళ్తాను. నా బస్సు కదలడానికి ఇంకా కాస్త టైముంది.”

స్క్రూలక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ కోరుకున్న మనిషి ఎదురుగా నిలబడింది. ముక్కూమొహం తెలియదు, కొంటానంటోంది, ఇప్పుడే వేసుకుంటానంటోంది. కావలసిందల్లా ఒక్కటే: ఏ తప్పూ లేని దండలో తన చేతులతో తను ఒక తప్పు పెట్టాలి. అది కూడా ఆ తోడికోడలి తప్పు!

“వేస్తుందండీ, ఎందుకు వెయ్యదు” అంది రేడియో. తన సంచిలోంచి చిన్న కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. “ఇవిగో అక్కా, పచ్చవి.”

స్క్రూలక్క పొట్లం విప్పింది. అన్నీ ఆకుపచ్చ పూసలే. ఒక్క నీలం లేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా. ఇవి దీపం కింద ఏరినవి కావు. పొద్దున ఎండలో మెట్లు, ఒళ్ళో రేకు డబ్బా, అలికిడి వినగానే పడిన మూత, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆవిడ తల ఎత్తలేదు. పట్కార్లు తీసింది, దండ మధ్యలో రెండు కొక్కేలు విప్పింది, ఎన్నో పూసలు కాదని ఎంచి పెట్టుకున్న నీలాన్ని తీసి పక్కన పెట్టింది. పచ్చపూసకు తీగ దూర్చి, మెలిపెట్టి, తగిలించింది. తప్పు పెట్టిన చోట కూడా కొక్కెం గుండ్రంగానే వచ్చింది.

బస్సావిడ దండ వేసుకుని, బల్ల మీది అద్దంలో చూసుకుని, ఆ ఒక్క పచ్చపూస మీద వేలు పెట్టి నవ్వింది. “ఈ దిష్టిపూస ఆలోచన ఎవరిదండీ? భలే ఉంది.”

“మా అక్కదే” అంది రేడియో. “నాకా పూసలు ఇచ్చిందే అక్క.”

“మీ చెయ్యి చల్లనిదమ్మా” అని స్క్రూలక్క చెయ్యి పట్టుకుని ఊపి, టోపీ పెట్టుకుని, ఆవిడ గబగబా వెళ్ళిపోయింది. దండ తియ్యలేదు. తలుపు దాటేదాకా యూనిఫారం కాలరు పక్కన ఆ నీలాలు మెరుస్తూనే ఉన్నాయి.

“ఎప్పుడు ఏరావు?” అంది స్క్రూలక్క.

“పొద్దున్నే. ఎండలో చూస్తే గుండె జారిపోయిందక్కా. మేడమీద అన్నీ ఒకే రంగులా కనపడేవి. నువ్వు ఏరుడంతా పగలే ఎందుకు పెట్టుకుంటావో అప్పుడు తెలిసింది.”

“నన్ను అడగకపోయావా?”

“అడిగితే ఏం చెప్పేదానివి?”

మరిచిపోయాను అనొచ్చు. సగం నిజమే కూడా. ఆ మాట నోటిదాకా వచ్చింది, ఎప్పటిలాగే అక్కడ ఆగింది. దాని బదులు ఇంకో మాట బయటికొచ్చింది. “తెలిసే చెప్పలేదు. నిన్ను మెచ్చుకుంటుంటే ఓర్వలేకపోయాను.”

“తెలుసులే” అంది రేడియో. పళ్ళెం తుడుస్తోంది, మొహంలో కోపం లేదు, అలాగని లేకపోనూ లేదు. “మెట్ల మీద కూర్చుని ఏడుద్దామనుకున్నా. మళ్ళీ అనిపించింది, ఈ పచ్చపూస నా దండలోకి ఎలా వచ్చింది, మా అక్క కన్ను పడి వచ్చింది. మరి దాని పేరేమిటి? దిష్టిపూస కాక ఇంకేముంటుంది?”

స్క్రూలక్క నిలువునా నీరైపోయింది. అంటే పొద్దుట్నుంచీ ఈ మనిషి తన ఎదురుగానే నిలబడి, తన కుళ్ళునే కేకేసి మరీ అమ్మింది! తను చేత్తో చుట్టి ఇచ్చింది! సిగ్గుతో చచ్చిపోవలసిన ఆ సమయంలో కూడా ఆవిడకు ముందు తోచిందేమిటంటే, అబ్బ, ఎంత మంచి మాట, అది నాకెందుకు తట్టలేదు అని. కుళ్ళు అంత తేలిగ్గా పోదు.

“మీ మరిదికి చెబుతాలే” అంది రేడియో సంచి భుజానికి తగిలించుకుంటూ, “ముక్కూమొహం తెలియని ఆవిడ కొనుక్కుని, వేసుకుని, బస్సు నడుపుకుంటూ పోయిందని. మిగతాది నీకూ నాకూ మధ్య. కానీ ఒకటి. సెలవురోజు నాకు కిటికీ దగ్గర చోటివ్వాలి.”

“అక్కడ ఒక్క కుర్చీయే పడుతుంది.”

“స్టూలు తెచ్చుకుంటా.”

ఇవ్వాలని లేదు. ఒంట్లో ఒక్క ఎముకకు కూడా లేదు. స్క్రూలక్క బల్ల మీద మిగిలిపోయిన ఆ ఒంటి నీలంపూసను తీసి, కాసేపు వేళ్ళ మధ్య తిప్పి, రేడియో అరచేతిలో పెట్టింది.

“ఫ్రిజ్ కాస్త పక్కకు జరుపుదాం” అంది.